పురుగు పట్టిన కాయ

మిత్రులారా, ఈ వారం వర్గీకరణ గురించి రాస్తానని చెప్పి ఉన్నాను. అది వచ్చే వారం. నిన్న సాయంత్రం మా నాయన పీఎస్‌ఏ రిపోర్టు వచ్చింది. దాని గురించి రాయకుండా ఇంకొకటి రాయబుద్ధి కావడం లేదు.

ముందు మా పెద్దనాయన సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో ఉండేవాడు. యాభై ఏళ్లు మూటలు మోసిన మనిషి. ఆరేళ్ల కింద నడుం నొప్పి మొదలైంది. మూటలు మోసిన నడుం నొయ్యకుండా ఉంటుందా అనుకున్నాం. ఆర్‌ఎంపీ సూదులు వేశాడు. పెద్దమ్మ ఇటుక కాచి కాపడం పెట్టింది. ఎనిమిది నెలలకు కాళ్లు పట్టు తప్పితే అప్పుడు పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నెముకలోకి పాకిందన్నారు.

అక్కడి డాక్టరు వరండాలో నిలబడి, పదిమంది వింటుండగా, "బీజాలు తీసేయాల. ఎప్పుడు చేరుస్తారు?" అన్నాడు. అంతే. ఎందుకు తీయాలో చెప్పలేదు. ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుంది. ఆ హార్మోన్ ఆగిపోతే ఎముకల్లోకి పోయిన జబ్బు కూడా కొంతకాలం లొంగుతుందని 1941లోనే చార్లెస్ హగిన్స్ అనే డాక్టరు అమెరికాలో చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. కోత వద్దనుకుంటే అదే పని చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. ఆ రోజు పెద్దనాయనకు వినపడింది ఒక్కటే మాట. "నన్ను ఎద్దును చేస్తారా?" అని గోడవైపు తిరిగి పండుకున్నాడు. ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగు నెలలకు పోయాడు.

నేను తెలుగులో పీహెచ్‌డీ చేసినవాణ్ణి. మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. ప్రోస్టేట్‌కు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు పౌరుష గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథికి పౌరుషం అని పేరు పెట్టాక, దానికి జబ్బు వచ్చిందని ఏ మగవాడు నోరు తెరుస్తాడు?

మా నాయన కూడా తెరవలేదు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో హమాలీ చేసినాడు. ఇప్పుడు 74 ఏళ్లు. రెండేళ్ల కింద అమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీ నాయన రాత్రికి అయిదుసార్లు ఒంటికి లేస్తుండాడు. నీకు చెప్పొద్దన్నాడు" అంది. మరుసటి రోజే కర్నూలు బస్సెక్కించాను. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు, ఎమ్మిగనూరు మీదుగానే పోవాలి. పెద్దనాయన ఊరికి పోయే దారి దగ్గర నాయన కిటికీలోంచి చూసి, "నన్ను గూడ కోయిస్తావా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

రాత్రిళ్లు లేవడానికి కారణం క్యాన్సర్ కాదు. వయసుతో గ్రంథి ఉబ్బడమే. దానికి మాత్రలు ఇచ్చారు, తగ్గింది. కానీ పనిలో పనిగా చేసిన రక్తపరీక్షలో పీఎస్‌ఏ 9 వచ్చింది. ఎమ్మారైలో ఎడమవైపు ఒక మచ్చ కనపడింది. ముక్క తీసి పరీక్ష చేస్తే గ్లీసన్ 3+4. డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికా పెథాలజిస్టు 1960ల్లో పెట్టిన లెక్క అది. మైక్రోస్కోపు కింద కణాలు ఎంత కట్టు తప్పి ఉన్నాయో చెబుతుంది. 6 అయితే నెమ్మది జబ్బు, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే దూకుడు జబ్బు. నాయనది 7, మధ్యరకం. ఒకవైపే ఉంది, బయటికి పాకలేదు.

ఎవరో చెబితే హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. అక్కడ ఫోకల్ ట్రీట్‌మెంట్ అన్నారు. గ్రంథి మొత్తం తీయకుండా, మొత్తానికి రేడియేషన్ ఇవ్వకుండా, జబ్బున్న భాగాన్ని మాత్రమే చంపడం. మలద్వారం గుండా పరికరం పెట్టి ధ్వని తరంగాలను ఒక్కచోటికి కూర్చి ఆ వేడితో కాల్చడం ఒక పద్ధతి. దాన్ని హైఫూ అంటారు. సన్నటి సూదులు గుచ్చి గడ్డకట్టించడం క్రయో. సూదుల మధ్య కరెంటు పంపి కణాలను చంపేది ఇంకొకటి. మూత్రం అదుపు తప్పడం, మగతనం దెబ్బతినడం మొత్తం ఆపరేషన్‌లో కంటే తక్కువ. ముసలివాళ్లకు తట్టుకోవడం తేలిక.

నాకు ఆశ పుట్టింది. కౌంటరు దగ్గర అది చచ్చింది. ఖర్చు లక్షల్లో చెప్పారు, ఈ చికిత్సకు కార్డు చెల్లదన్నారు. కోత లేని వైద్యం ఉన్నోళ్లకు, ఎద్దును చేసే వైద్యం మాకా? తిరుగు రైలులో రాత్రంతా ఇదే రగిలింది. ఆదోనిలో దిగేసరికి లోను తీయాలని నిర్ణయం చేసేసుకున్నాను.

అమ్మ ఒక్కటే అడిగింది: "మీ నాయనను అడిగినావా?"

అడగలేదు మిత్రులారా. మా మాట వినేవాడు లేడని పదేళ్లుగా వేదికలెక్కి మాట్లాడుతున్నవాణ్ణి, మా నాయన ఒంటి గురించి నాయనను అడగలేదు.

మళ్లీ కర్నూలు పోయాం. అక్కడి కుర్ర డాక్టరు నన్ను కాదు, నాయనను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాడు. "పెద్దాయనా, మీరు చెప్పండి" అన్నాడు. నాయన అడిగాడు: "పత్తిలో పురుగు పట్టిన కాయనే గిల్లేస్తాం గదా సార్, అట్లనా ఇది?"

"అట్లే. కానీ పక్క కాయలో గుడ్డు ఉందో లేదో పైకి కనపడదు గదా?"

నాయన తలూపాడు. డాక్టరు ఇంకా చెప్పాడు. కాల్చినాక మిగిలిన గ్రంథి పీఎస్‌ఏ తయారు చేస్తూనే ఉంటుంది, అందుకని రక్తపరీక్ష ఒక్కటే చాలదు. మళ్లీ ఎమ్మారై, మళ్లీ ముక్క తీయడం తప్పదు. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఎట్లా ఉంటుందో చెప్పే లెక్కలు ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ ఉన్నంతగా దీనికి లేవు.

తర్వాత బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన చెప్పాడు. పేరు ప్రొటెక్ట్. ఫలితాలు 2023లో వచ్చాయి. 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ చేశారు. మూడో గుంపును పరీక్షలతో గమనిస్తూ ఉన్నారు. పదిహేనేళ్లకు ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు ఏ గుంపులోనైనా వందకు ఇద్దరు ముగ్గురే. జబ్బు వేరేచోటికి పాకడం మాత్రం గమనించిన గుంపులో వందకు 9, మిగతావాటిలో 5. నాయన వయసు వాళ్లకంటే ఎక్కువ కాబట్టి అదే లెక్క అచ్చంగా సరిపోదని కూడా చెప్పాడు.

అప్పుడు ఆడ-మగ సంగతి అడగబోయాడు. నాయన నావైపు తిరిగి, "నువ్వు బయటికి పోరా" అన్నాడు. పోయాను. లోపల ఇరవై నిమిషాలు ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియాల్సిన పని లేదు.

బయటికొచ్చి చెప్పాడు: "ఇప్పుడేం వద్దు. ఆరునెలలకోసారి చూద్దాం. అది కదిలితే అప్పుడు చెప్తా." బస్సెక్కినాక ఇంకొక మాట అన్నాడు: "ఆ డాట్రు నన్ను మీరు అన్నాడు రా."

నిన్నటి రిపోర్టులో పీఎస్‌ఏ 8.6. ఎమ్మారైలో మచ్చ అంతే ఉంది. రేపు పెరిగితే రేడియేషనో, ఫోకలో, అప్పుడు ఆలోచిస్తాం. ఫోకల్ చెడ్డదని నేను అనడం లేదు. అప్పటి నాయనకు అది తొందర. నాకే అది పరువు.

కానీ గమనించడం అంటే ఊరికే కూర్చోవడం కాదు. ఆరునెలలకు రక్తపరీక్ష, అప్పుడప్పుడు ఎమ్మారై, బస్సు చార్జీలు, వెంట ఒక మనిషి. నాకు జీతం ఉంది కాబట్టి మా నాయనకు ఆ దారి ఉంది. మిరపకాయలు కోయడానికి ఇల్లు తాళమేసి గుంటూరు పోయే మా గేరి పెద్దాయనను ఆరునెలలకోసారి ఎవరు గమనిస్తారు? హైఫూ యంత్రం ఆదోనికి రావాలని నేను అడగను. ఆదోని ఆసుపత్రిలో పీఎస్‌ఏ ఉచితంగా చేయాలి, వారానికి ఒకరోజైనా యూరాలజిస్టు కూర్చోవాలి, తలుపు వేసి మాట్లాడాలి. ఇది అడుగుతాను.

మీ ఇంట్లో పెద్దాయన నడుం నొప్పి వారాల తరబడి తగ్గకపోతే మూటల మీదికి నెట్టకండి. రాత్రిళ్లు లేస్తుంటే, మూత్రంలో రక్తం పడితే, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మొదట్లో ఈ జబ్బుకు ఏ గుర్తూ ఉండకపోవచ్చు, కాబట్టి యాభై దాటినవాళ్లు పీఎస్‌ఏ అవసరమా కాదా అని డాక్టరును అడగండి. డాక్టరు గదిలో ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి. బయటికి పొమ్మంటే పొండి.

జై భీమ్.