బాబాయి, హిమాలయన్, ఫిలింనగర్ ఎత్తు

మా బాబాయికి యాభై ఎనిమిది. స్కూటర్ అమ్మేసి హిమాలయన్ కొంటానంటే ఇంట్లో ఒకటే నవ్వులు. నాకైతే సబబే అనిపించింది. 2023లో వచ్చిన 452 సీసీ మోడల్ అది. నడుం వంచక్కర్లేదు. 21 అంగుళాల ముందు చక్రం, పొడుగు సస్పెన్షన్ కలిసి గుంతల్ని చాలావరకు మింగేస్తాయి. కూరగాయలకీ అదే, శ్రీశైలానికీ అదే.

చిక్కల్లా బరువుతోనే. 196 కిలోలు! సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బాబాయేమో ఐదడుగుల నాలుగంగుళాలు. ఫిలింనగర్ దైవసన్నిధానం ఎత్తు మీద ట్రాఫిక్ ఆగిందనుకోండి, పల్లం వైపు కాలు ఆన్చాల్సొస్తే భారమంతా మోకాలి మీదే. (మన వయసులో ఇది తట్టదు లెండి.) ఎక్స్‌పల్స్ 200 అయితే ముప్పై కిలోలకి పైగా తేలిక, కానీ సీటు దాదాపు అంతే ఎత్తు.

అందుకే టెస్ట్ రైడ్ షోరూం ముందు చదును రోడ్డు మీద కాదు, ఆ ఎత్తు మీదే చెయ్యమన్నాను. ఆదివారం వెళ్తున్నాం. పిన్నికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు :)