గీతకు అవతల

నిరుటి శీతకాలంలో మా పిన్ని తోపుడుబండికి అల్యూమినియం రేకు తొడగవలసిన పని నామీద పడింది. ఖరగ్‌పూర్‌లోని నింపురా ప్రాంతంలో ఆమె ఇడ్లీలు అమ్ముతుంది. చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ముతో గోల్‌బజారులో ఒకే ఒక్క రేకు కొన్నది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తప్పు కోస్తే మరొకటి కొనడానికి సొమ్ము లేదు. నేను కొని ఇస్తానంటే ఆమె ఒప్పుకోదు.

కోయవలసినవారు నిజానికి నాన్నగారు. రైల్వే కర్మాగారంలో జీవితకాలం రేకుపని చేసినవారు. కాని ఇప్పుడు ఆయన కుడిచేయి వణుకుతుంది. కనుక కత్తెర నా చేతికి వచ్చింది. కన్ను మాత్రం ఆయనది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. దానికి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ వేర్వేరుగా అల్యూమినియాన్ని విద్యుత్తుతో చౌకగా తీసే పద్ధతి కనుగొన్నారు. అంతవరకు అది కలవారి లోహమే. ఆ కంపెనీ రైలుమార్గాన్ని పట్టుకొని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవారు ఖరగ్‌పూర్ చేరారు. మథురాకాటి వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. చరిత్రలో పట్టా పుచ్చుకొన్న నేను ఈ వలసను గూర్చి ఎన్నో పుటలు చదివాను. మా గోడకు వేలాడే రేకు కత్తెరను మాత్రం అంతవరకు ముట్టలేదు.

"గీత మీద కొయ్యకురా, గీతకు అవతల కొయ్యి" అన్నారు నాన్నగారు. మొదట అరంగుళం వదిలి ముతకగా కోయాలి. తరువాత సన్నని పట్టీగా గీత వరకు చెక్కుకొంటూ రావాలి. సన్నపట్టీ చుట్ట చుట్టుకొని పక్కకు తొలగుతుంది, రేకు వంగదు. వెడల్పు ముక్క అయితే కత్తెరను ఎటో తోస్తుంది. "నోరు పూర్తిగా ముయ్యకు. కొస మూసుకుంటే రేకు కరుస్తాది." కోసే చోట సూదితో గీయవచ్చు, వంచే చోట మాత్రం పెన్సిలే వాడాలి, అక్కడ సూదిగీత రేపటికి బీట అవుతుంది. అంచు ఆకురాయితో రుద్దేముందు ఆకురాయికి సుద్ద పూయాలి. లేకుంటే ఈ మెత్తని లోహం దాని పళ్ళలో ఇరుక్కుంటుంది. ఇనుప చట్రానికీ రేకుకూ నడుమ రబ్బరు పట్టీ పెట్టమన్నారు. రెండు లోహాలూ తగిలిన చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియమే ముందు తినబడుతుంది.

అమెరికాలో 1936 నాటి ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే ఇంటిబండిని ఇటువంటి రేకులను రివెట్లతో బిగించే కట్టారని చెప్పాను. "మన పెట్టెలూ అంతే కదా" అని ఊరుకొన్నారు.

వడ్డించే కిటికీ కోయడం మిగిలింది. నాలుగు మూలలా ముందుగా గుండ్రని రంధ్రాలు వేయాలి, కోత అక్కడ ఆగడానికి. మూడు వేశాను. చీకటి పడుతోంది, నాలుగవ మూల చేత్తోనే ఆపగలననుకొన్నాను. ఆగలేదు. రేకు మూల దాటి రెండంగుళాలు చిరిగింది.

నాన్నగారు ఏమీ అనలేదు. అదే నాకు కష్టమైంది. కాసేపు చిరుగును వేలితో తడిమి, దాని చివర సన్నని రంధ్రం వేయమన్నారు. చిరుగు ఇక ముందుకు పాకదు. కోసి పారేసిన ముక్కల్లోంచి ఒక అతుకు ఏరి, మూలలు గుండ్రంగా చెక్కించారు. రివెట్లు కొట్టేటప్పుడు వెనుకవైపు ఇనుపదిమ్మె తానే పట్టుకొన్నారు. నేను వద్దన్నాను. ఆ బరువు కింద ఆయన చేతి వణుకు అణిగిపోయింది. ఎనిమిది రివెట్లు. ఒక్కటీ వంకర పోలేదు.

మరునాడు బండి చుట్టూ తిరిగి చూసిన పిన్ని ఆ అతుకు దగ్గర ఆగింది. "ఇదేంటి బావా?" అన్నది. నేను నోరు విప్పేలోగానే నాన్నగారు అందుకొన్నారు. "గరిటెలు తగిలించుకోడానికమ్మా. అక్కడ కొక్కెం పెడితే ఒంటిరేకు ఆగదు. అందుకని దళసరి చేయించాను."

ఆ సాయంత్రమే ఆమె అక్కడ కొక్కెం వేయించుకొన్నది.