మొరం బాట

ఆదివారమొస్తే పట్నపోళ్లు లావు టైర్ల సైకిళ్లేసుకొని కొల్లాపూర్ దిక్కు వస్తరు. వాళ్లకు తారు రోడ్డు వద్దు, మొరం బాటనే కావాలె. ఇవతల శ్రీశైలం జలాశయం, నీళ్లవతల నల్లమల గుట్టలు.

నేనూ ఆ బాటమీదనే సైకిల్ తొక్కి చదువుకున్న. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. ఇప్పుడు సర్కారు బడి పంతుల్ని. కరువు పనిల ఆ మొరం తట్టలు మోసింది మా అమ్మ.

మొన్న ఒక పిల్లగాడు ఆగి అడిగిండు: "సార్, ఈ బాట ఎక్కడిదాకా పోతది?"

నీళ్లల్లకు పోతది. 1981ల ఖాళీ చేయించిన మా ఊరు ఆ అడుగున ఉంది. భూమున్నోళ్లకు భూమి లెక్కన పరిహారం వచ్చింది. కూలి చేసుకొని బతికే మా మాదిగవాడకు భూమెక్కడిది? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టిన్రు. రాళ్లకు దొరికిన జాగ మా తాతకు దొరకలేదు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే నాయిన చెయ్యి చాపి చూపిస్తడు: "ఆడ చూడు బిడ్డా, మన గుడిసె ఉండె."

ఆ పిల్లగానికి ఇదంతా చెప్పిన. అతని ఫోన్‌ల ఉన్న పటంల బాట గీత నీళ్లకాడ ఆగింది. ఆ కొసకు మా ఊరి పేరు రాయమన్న.