అత్తయ్య, అన్నవరం ప్రసాదం, నా హ్యాండ్‌బ్యాగు

మా అమ్మాయి మొదటి జీతంతో నాకో హ్యాండ్‌బ్యాగు కొనిపెట్టింది. మెరూన్ రంగు, చూడ్డానికి అచ్చం లెదరే. అంత మంచి బ్యాగు పట్టుకుని కూరగాయలకి వెళ్తామా? పెళ్లిళ్లకి వాడదామని, వచ్చిన ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలో పట్టుచీరల పక్కన దాచాను. పెళ్లిళ్లు వచ్చాయి, వెళ్లాను. ప్రతిసారీ దాన్ని తీయడం, జనంలో గీతలు పడతాయేమోనని మళ్లీ లోపల పెట్టేయడం, పాత బ్యాగే తగిలించుకుని బయల్దేరడం. నాలుగేళ్ల తర్వాత ఓ గృహప్రవేశానికి తీస్తే వేళ్లకి మెరూన్ పొట్టు అంటుకుంది. హ్యాండిల్ జిగురు జిగురుగా ఉంది. పైపొర ఉల్లిపొరలా లేచిపోతోంది.

అమ్మాయి పక్కనే ఉంది. కోప్పడలేదు. "ఒక్కసారైనా వాడావా అమ్మా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత తెలుసుకున్నాను. లెదర్‌లా కనిపించే ఇలాంటి బ్యాగుల మీద పాలియురెథేన్ పూత ఉంటుంది. గాలిలో తేమకి ఆ పూత నెమ్మదిగా విడిపోతుంది. మాదేమో కాకినాడ, సముద్రపు గాలి. దానికి తోడు గాలాడని ప్లాస్టిక్ కవరు. వాడకపోతే కొత్తగా ఉంటుందనుకున్నది నా అమాయకత్వం. అందుకే మీ బీరువాలో కవరు విప్పని బ్యాగులేమైనా ఉంటే ఈ పూటే కవరు తీసేయండి. పాత దిండు గలీబులో పెడితే చాలు, దుమ్ము పడదు, గాలీ ఆడుతుంది. లోపల పాత కాటన్ బట్టలు కుక్కితే ఆకారం చెడదు. న్యూస్‌పేపర్ పెట్టకండి, ఆ సిరా లోపలి లైనింగ్‌కి అంటుకుంటుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా వీటిలో వేసుకోవచ్చు.

కిందటేడు నా పుట్టినరోజుకి అమ్మాయి రెండో బ్యాగు పంపింది. బూడిద రంగు మైక్రోఫైబర్ స్వేడ్. దీనికి పైన పూత ఉండదు, ముట్టుకుంటే చంటిపిల్లల తల మీద నూగులా ఉంటుంది. తొమ్మిది కిలోమీటర్ల దారం తూచినా ఒక గ్రాము కూడా తూగనంత సన్నటి పాలిస్టర్, నైలాన్ పోగుల్ని మైక్రోఫైబర్ అంటారట. ఇలాంటి బట్టని 1970లో జపాన్‌లో టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో తయారుచేశారు. బ్యాగుతో పాటు అమ్మాయి ఒక షరతు కూడా పెట్టింది. "పాడైతే ఇంకోటి కొంటాను. దాస్తే మాత్రం ఇక కొనను."

సరేనని వాడటం మొదలుపెట్టాను. బ్యాంకుకీ ఇదే, రైతుబజారుకీ ఇదే. కార్తీకంలో అత్తయ్యని అన్నవరం తీసుకెళ్లినప్పుడూ ఇదే.

అన్నవరం ప్రసాదం గురించి మీకు చెప్పక్కర్లేదు. గోధుమరవ్వ, పంచదార, నెయ్యి, ఆకులో చుట్టి ఇస్తారు. ఆ నెయ్యి ఆకులోంచి ఊరకుండా ఉండదు. దర్శనం అయ్యాక నేను చెప్పులు తెచ్చుకోవడానికి వెళ్తూ బ్యాగు అత్తయ్య ఒళ్లో పెట్టాను. ఆవిడ ప్రసాదం పొట్లాలు రెండు, కుంకుమ కాగితం ఒకటి జాగ్రత్తగా అందులో సర్దారు. ఇంటికొచ్చి చూస్తే అడుగున అరచెయ్యంత నేతి మరక, పక్కన కుంకుమ.

"సంచీలో ఇవి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? మీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే" అనేశాను. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. నిజానికి అంతకుముందు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. రాత్రి మజ్జిగన్నం తిని తొందరగా పడుకున్నారు.

నేను బ్యాగంతా ఖాళీ చేసి, లైనింగ్ బయటికి లాగి దులిపాను. కుంకుమని పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో పొడిగానే రాల్చాలి. తడి తగిలిందంటే రంగు పాకుతుంది. కాస్త రాల్చేసరికి ఓపిక అయిపోయింది, మిగతాది పొద్దున్న చూద్దామనుకున్నాను. నేతి మరక మీద మాత్రం మొక్కజొన్న పిండి దట్టంగా చల్లి వదిలేశాను. నూనె మరకకి నీళ్ల కంటే ముందు పిండి పడాలి, రాత్రంతా ఉంచితే జిడ్డు చాలావరకు అదే పీల్చుకుంటుంది. మొక్కజొన్న పిండి లేకపోతే టాల్కం పౌడరు వాడొచ్చు. శనగపిండి మాత్రం వద్దు, దాని పసుపు ఇంకో మరక.

తెల్లవారి లేచేసరికి పెరట్లో నీళ్ల చప్పుడు. అత్తయ్య పీట వేసుకుని కూర్చుని, బట్టల సబ్బు రాసి, కొబ్బరి పీచుతో నా బ్యాగుని తోముతున్నారు. ఇత్తడి చెంబు తోమినట్టు. నన్ను చూసి, "పోతోందమ్మాయ్, నువ్వు పడుకో" అన్నారు.

కుంకుమ పోలేదు, పాకింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా కుంకుమ అవడం మనకి తెలిసిందే. సబ్బులోనూ సున్నం లాంటి క్షారగుణమే ఉంటుంది, అందుకే పసుపు మరకకి సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. ఇప్పటి కుంకుమల్లో కలిపే రంగులు సరేసరి. పీచు తగిలిన చోట నూగంతా చిక్కుపడి ఉండలు కట్టింది.

నోటి దాకా వచ్చిన మాట ఆవిడ చేతులు చూసి ఆగిపోయింది. చలికి వేళ్లు ముడతలు పడి తెల్లబడ్డాయి. ఎన్నింటికి లేచారో తెలీదు. బ్యాగు తీసుకుని, "మిగతాది నేను చూస్తాలెండి, మీరు కాఫీ తాగండి" అన్నాను.

ఇలాంటి బ్యాగుని నీళ్లలో ముంచకూడదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, గిలక్కొట్టి, ఆ నురగ మాత్రమే తెల్లగుడ్డకి తీసుకోవాలి. రంగు గుడ్డయితే దాని రంగే అంటొచ్చు. మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రావాలి, రుద్దకూడదు. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో సబ్బు పోయేదాకా అద్దాలి. ఎండలో వేయకుండా ఫ్యాను కింద ఆరబెట్టి, ఆరాక మెత్తటి బ్రష్‌తో ఒకే వైపు దువ్వితే నూగు లేస్తుంది. కంఫర్ట్ లాంటి ఫాబ్రిక్ కండిషనర్లు వద్దు, పోగుల మీద పొరలా పట్టేస్తాయి. బ్లీచింగు, ఇస్త్రీ అసలే వద్దు.

నేతి మరక పూర్తిగా పోయింది. కుంకుమ లేత గులాబీ నీడలా మిగిలింది. పీచు తగిలిన చోటు ఎంత దువ్వినా లేవలేదు, రెండు రూపాయల బిళ్లంత గరుకు అలాగే ఉంది.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు ఆ గరుకు మీద వేలు పెట్టి, "ఇదేంటి?" అంది. అత్తయ్య అక్కడే బియ్యం ఏరుతున్నారు, తల ఎత్తలేదు. "అన్నవరం వెళ్లాం కదే, బస్సులో ఎక్కడో రాసుకుంది" అన్నాను. "అయితే వాడుతున్నావన్నమాట" అని నవ్వి వంటింట్లోకి పోయింది. అత్తయ్య నా వంక ఒకసారి చూసి మళ్లీ బియ్యంలోకి చూపు దించుకున్నారు.

మాఘమాసంలో మళ్లీ అన్నవరం వెళ్లాం. తిరుగు బస్సులో కిటికీ పక్కన అత్తయ్య, ఇటు నేను. చాలా దూరం వచ్చాక గమనించాను, ఆవిడ ప్రసాదం పొట్లాన్ని రెండు చేతుల్తో ఒళ్లో పట్టుకుని కూర్చున్నారు. నెయ్యి ఊరి చీర కుచ్చిళ్ల మీద మరక పడుతోంది. బస్సు కుదిపినప్పుడల్లా పొట్లాన్ని ఇంకాస్త తన వైపుకి లాక్కుంటున్నారు, నా బ్యాగుకి తగలకుండా.

నేను తెచ్చిన స్టీలు డబ్బా బ్యాగులోనే ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పడమే మర్చిపోయాను. డబ్బా తీసి మూత తెరిచి, "ఇందులో పెట్టండి అత్తయ్యా" అన్నాను. పెట్టారు. నేను మూత బిగించి డబ్బాని బ్యాగులో వేస్తుంటే, ఆవిడ కొంగు చివరతో డబ్బా అడుగు ఒకసారి తుడిచారు.