మా వీధిలో పసుపు చుక్కలు

సంక్రాంతికి వారం ముందే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరొచ్చేశా. మాది పలాస దగ్గర పల్లెటూరు. అక్క అత్తారిల్లు పలాసలోనే. రోజూ స్కూటీ మీద వచ్చి మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్తుంది.

"ఒరేయ్, ఎనిమిదో తరగతికి డేటా పాఠం నడుస్తోంది. ఎవరికి ఏ ఆట ఇష్టం, ఎవరికి ఏ రంగు ఇష్టం అంటుంటే పిల్లలు ఆవలిస్తున్నారు. నువ్వు రోజంతా డేటాతోనే కదా ఉంటావ్, ఒక్క పీరియడ్ రా" అంది.

జనాభా లెక్కల సైట్లోంచి 2011 ఎక్సెల్ ఫైల్ దించుకుని వెళ్లా. దేశ జనాభా 121 కోట్లు అన్నా. ఎవరూ కదల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిదిన్నర కోట్లు అన్నా. వెనక బెంచీ కిటికీలోంచి గాలిపటం చూస్తోంది. ఇక లాభం లేదని ఫిల్టర్ కొట్టి మా ఊరి వరుస తెచ్చా. ఎన్ని ఇళ్లు, మగవాళ్లెంతమంది, ఆడవాళ్లెంతమంది, ఆరేళ్లలోపు పిల్లలెందరు, చదువొచ్చినవాళ్లెందరు... అన్నీ ఒకే వరుసలో. అప్పుడు లేచారు బెంచీల మీంచి.

"ఇందులో నేనెక్కడున్నా సార్?" అడిగిందొక అమ్మాయి. మా వీధి పిల్లే.

నా దగ్గర జవాబు లేదు. క్లాసులో అందరూ 2011 తర్వాత పుట్టినవాళ్లే. ఒక్కరూ ఆ లెక్కలో లేరు. 2021లో జరగాల్సింది కరోనాతో ఆగిపోయింది. తర్వాతి లెక్కకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అంటే పద్నాలుగేళ్లొచ్చాక మొదటిసారి లెక్కలోకి వస్తారన్నమాట. ఆ 2011లో నాది సరిగ్గా వీళ్ల వయసు. మా ఇంటికి ఐదుగురం: నానమ్మ, నాన్న, అమ్మ, అక్క, నేను.

మాట మార్చడానికి జిల్లా లెక్క తీశా. దేశంలో వెయ్యిమంది మగవాళ్లకి 943 మంది ఆడవాళ్లు ఉంటే, మన శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది. ఎందుకో చెప్పండన్నా. నేను రెండు స్లైడ్లు తయారుచేసుకున్నా దీనికి. ఒక కుర్రాడు అక్కర్లేకుండా చేశాడు. "పనులకెళ్లిపోతారు కద్సార్. ఫిబ్రవరిలో లెక్కకొస్తే మా నాన్న దొరకడు, చెన్నైలో ఉంటాడు. పండక్కొస్తే దొరుకుతాడు."

2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తీశారు. పండగ జనం అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు.

అక్కకి అక్కడ ఐడియా వచ్చింది. సెలవుల్లో ఒక్కొక్కరూ తమ వీధిలో పది ఇళ్లు తిరగాలి. ఇక్కడే ఉండేవాళ్లెందరు, పండక్కొచ్చినవాళ్లెందరు, ఏ ఊరినుంచి వచ్చారు... అంతే. పేర్లు రాయకూడదు, అంకెలే. నేను గూగుల్ ఫామ్ చేద్దామంటే అక్క నవ్వి నోటుపుస్తకాలు పంచింది.

కనుమ మర్నాడు కూడా నేను వెళ్లలేదు. బడి తెరిచారు. గ్రౌండ్లో ఊరి వీధులన్నీ సున్నంతో గీసి చుక్కలు పెట్టారు. ఒక చుక్క ఒక మనిషి. ఉండేవాళ్లకి తెల్ల ముగ్గు, వచ్చినవాళ్లకి పసుపు. హైదరాబాద్, విశాఖ, చెన్నై, బెంగళూరు పక్కనే రాసుకున్నారు. చూస్తే కొన్ని వీధుల్లో పసుపే ఎక్కువ. మా వర్చువల్ మీటింగుల్లో ఎన్ని డాష్‌బోర్డులు చూశానో లెక్కలేదు, ఒక్కటీ ఇలా కొట్టలేదు.

తర్వాత వెళ్లిపోయినవాళ్లని చెరపమంది అక్క. పిల్లలు వంగి అరచేత్తో తుడుచుకుంటూ పోయారు. మొదట పోటీలుపడి కేకలేశారు. చెన్నై కుర్రాడు ఒక్క చుక్క తుడిచి పక్కకెళ్లి నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఇంటి దగ్గర రెండే చుక్కలు, ఒక తెలుపు, ఒక పసుపు. నానమ్మ, నాన్న పోయారు. జీడి తోట వదిలి అమ్మ బెంగళూరు రానంటుంది. రమ్మని నేను గట్టిగా అడిగింది కూడా ఎన్నిసార్లని?

మా వీధి పిల్ల పసుపు చుక్క మీద చెయ్యి పెట్టి, "మీరెప్పుడెళ్తారు సార్?" అంది.

"రేపు."

"అయితే రేపు తుడుస్తాలెండి."

మర్నాడు సాయంత్రం రైల్లో ఉండగా అక్క వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. మా ఇంటి దగ్గర జూమ్ చేశా. చక్కగా తుడిచింది, మచ్చ కూడా లేదు. అమ్మకి ఫోన్ చేస్తే తోటలో ఉన్నట్టుంది, ఎత్తలేదు.