మా ఇంట్లో పాత వస్తువు ఏది?

డిసెంబరులో మన పాఠశాల నుండి 42 మంది బాలికలం విజయవాడ వెళ్ళిన సంగతి మీకు తెలుసు. రాలేని వారి కోసం, ముఖ్యంగా 6, 7 తరగతుల చెల్లెళ్ళ కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియం చూశాము. దాని మొదటి పేరు విక్టోరియా జూబ్లీ మ్యూజియం. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండినప్పుడు, 1887లో, అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ దానికి శంకుస్థాపన చేశారు. లోపల రాతియుగం పనిముట్లు, అల్లూరులో దొరికిన బుద్ధుని విగ్రహం, కత్తులు, నాణేలు ఉన్నాయి. అక్కడ ఏదీ ముట్టుకోకూడదు, ఏదీ అమ్మరు.

తరువాత ఒక కల్యాణ మండపంలో పాత వస్తువుల ప్రదర్శనకు తీసుకుపోయారు. ఇక్కడ ముట్టుకోవచ్చు, డబ్బులుంటే కొనుక్కోవచ్చు. పాత వస్తువులు సేకరించేవాళ్ళు ఎక్కడెక్కడి నుండో వచ్చి వరసగా బల్లలు వేసుకున్నారు. గ్రామఫోన్లు, గోడ గడియారాలు, ఇత్తడి దీపాలు, ఊరగాయ జాడీలు, అరచేతి కంటే పెద్ద తాళాలు ఉన్నాయి. జనం మన తిరునాళ్ళలో లాగానే ఒత్తుకుంటున్నారు గానీ అరుపులు లేవు. అందరూ భూతద్దాలు పెట్టుకుని చూస్తున్నారు.

నాకు బాగా నచ్చినవి నాణేలు. "చిల్లి కానీ కూడా లేదు" అని మన పెద్దలు అంటారు కదా, ఆ చిల్లి కానీని చేత్తో పట్టుకుని చూశాను. నిజంగానే మధ్యలో గుండ్రంగా చిల్లు ఉంది. యుద్ధం రోజుల్లో లోహం ఆదా చెయ్యాలని 1943 నుండి 1947 దాకా అట్లా వేశారంట. అప్పుడు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 పైసలు అయ్యాయి. శాతవాహనుల సీసం నాణేల బొమ్మలు కూడా ఒక పుస్తకంలో చూపించారు. ఒకదాని మీద తెరచాప కొయ్యలతో ఓడ ఉంది. మన తీరం నుండి ఓడలు పోయేవని దాన్ని బట్టి తెలుస్తుంది.

ఆ బల్ల దగ్గర పెద్దాయన కొన్ని చట్టాలు చెప్పారు. అందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. 1972లో వచ్చిన చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు, విగ్రహాల వంటివి పురావస్తువులు. వాటితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. విదేశాలకు అమ్మి పంపకూడదు. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళు దాటితే చాలు. ఇంకొకటి 1878 నాటి చట్టం. భూమిలో పది రూపాయల కంటే ఎక్కువ విలువైన పాత సొమ్ము దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మా వాళ్ళు పొలాల్లో ఎలుక బొరియలు తవ్వుతారు కాబట్టి ఈ మాట ఇంటికి పోయి చెప్పాను. "వడ్ల కంకులు దొరికితే చెప్పక్కర్లేదు గదా" అని మా మామయ్య నవ్వాడు.

ఒక బల్ల మీద ఇత్తడి పట్టీలు వేసిన కుంచం ఉంది. ధర 6,500 రూపాయలు. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. కోతల కూలి కుంచాలతో కొలిచి ఇచ్చేవారని మా అమ్మమ్మ చెప్పుద్ది. కొన్ని ఇళ్ళలో పుచ్చుకునే కుంచం ఒకటి, ఇచ్చే కుంచం ఇంకొకటి ఉండేదంట. ఇది ఆ రెండిటిలో ఏదో అని చూశాను. చూస్తే ఏం తెలుస్తుంది?

మాతో వచ్చిన లంబాడీ స్నేహితురాలు ఇంకో బల్ల దగ్గర ఆగిపోయింది. అద్దాలు కుట్టిన పాత ఫేటియాను ముక్కలుగా కత్తిరించి, పటాలు కట్టి అమ్ముతున్నారు. "ఇట్లాంటిది మా నానమ్మ పెళ్ళిది ఉండేది. స్టీలు గిన్నెలకు వేసేసింది" అన్నది. తరువాత చాలా సేపు మాట్లాడలేదు.

అప్పటి నుండి నేను ప్రతి బల్ల దగ్గరా మా వస్తువు ఏదన్నా ఉందా అని వెతికాను. మాది యానాదుల కుటుంబం, దివిసీమలో కాలవ గట్టు మీద ఇల్లు. చివరికి ఒకాయనను అడిగాను. "ఊతలు ఉంటాయా అండీ?" ఆయన బాగానే మాట్లాడారు. "చేపలు పట్టే ఊతా? అది పాత వస్తువు కాదు పాపా, పాడైపోయే వస్తువు. వెదురు ఎన్నాళ్ళుంటది?" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. కానీ నాకు బస్సులో కూడా అదే మాట. పాతది కావాలంటే ముందు అది నిలవాలి. నిలవాలంటే గట్టి ఇల్లు ఉండాలి, దానిలో పెట్టె ఉండాలి, పెట్టెకు తాళం ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చింది. వేల మంది చనిపోయారు. అప్పుడు మా అమ్మమ్మకు ఏడెనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న ఆమెను తాటిచెట్టు ఎక్కించి పంచెతో కట్టేశాడు. తెల్లారి దిగేసరికి గుడిసె లేదు, కుండ లేదు, వాళ్ళ అమ్మ లేదు. ఆ ఇంట్లో నుండి పాత వస్తువు ఎక్కడి నుండి వస్తుంది?

ఇంకో సంగతి. ప్రదర్శనలో పాత కాగితాలు కూడా అమ్ముతున్నారు. రాజు తల ఉన్న స్టాంపు కాగితాలు, భూమి రశీదులు, ఎవరో ఎవరికో రాసిన కార్డులు. వాటిని కొనేవాళ్ళు చాలా మంది ఉన్నారు. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు లేరు. మా అమ్మ పుట్టినరోజు ఎవరికీ తెలియదు, ఆధార్ కార్డులో జనవరి 1 అని వేశారు. కుల ధృవీకరణ పత్రం కోసం పోయినప్పుడు "పాత కాగితం ఏదన్నా ఉందా?" అని అడిగారు. మా నాన్న మూడు సార్లు తిరిగాడు. ఉంటే కదా చూపించేది.

సంక్రాంతి సెలవుల్లో నోటుపుస్తకం తీసుకుని అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు అందరూ నైలాన్ వలలు కొంటున్నారు. మా గట్టు మీద ఊత అల్లేది ఆమె ఒక్కతే. ఆమె చెప్పినట్లే రాశాను. పై మూతి చెయ్యి దూరేంత ఉండాలి, కింద మూతి దానికి మూడింతలు ఉండాలి. నీళ్ళు మోకాలు దాటితే ఊత పనికిరాదు. బురదలో దింపిన తర్వాత కదలకుండా పట్టుకోవాలి. లోపల కొర్రమేను ఉంటే గోడకు కొట్టుకుంటది, అది చేతికి తెలుస్తది. అప్పుడు పైనుండి చెయ్యి పెట్టి తలకాయ దగ్గర పట్టాలి, తోక దగ్గర పడితే పోద్ది. ఇది ఎవరు నేర్పారని అడిగాను. "మా అమ్మ" అన్నది. ఉప్పెనలో అన్నీ పోయినా ఇది మాత్రం ఆమె చేతుల్లో ఉండిపోయింది. మా ఇంట్లో పాత వస్తువు ఇదే అని నా అభిప్రాయం.

స్నేహితులారా, మన హాస్టల్లో కోయ, కొండరెడ్డి, లంబాడీ, ఎరుకల, యానాది పిల్లలం ఉన్నాము. ఈసారి ఇంటికి పోయినప్పుడు పాత కడియమో, పూసలో, కొలతో, డోలో ఉంటే సామాన్ల బండికి వెయ్యనీయకండి. వస్తువు లేకపోతే బాధపడకండి. పెద్దవాళ్ళ చేతుల్లో ఏముందో అడగండి. ఎవరి దగ్గర విన్నారో, ఏ ఊరో, ఏ తేదీనో కూడా రాయండి. తేదీ లేకపోతే తర్వాత ఎవరూ నమ్మరు. వార్డెన్ మేడం గారు ఒప్పుకుంటే మన గ్రంథాలయంలో ఒక బీరువా అర ఆ పుస్తకాలకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. తాళం ఉన్న అర అయితే మంచిది.

రాతప్రతికి 75 ఏళ్ళు చాలని చెప్పాను కదా. అప్పటికి నాకు 89 ఏళ్ళు వస్తాయి. నా నోటుపుస్తకం ఎవరన్నా కొంటామని వస్తే, అమ్మను.

— 9వ తరగతి విద్యార్థిని