మ్యాట్ కింది నేల

హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి ఇక్కడి కార్లకు తుప్పు భయం లేదని చాలామంది నమ్మకం. విశాఖ బీచ్ రోడ్డు పక్కన కాపురముండే మా బంధువులూ ఈ మాటే అంటారు. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. తీరం వందల కిలోమీటర్ల దూరం. ఎండాకాలంలో గాలిలో తడి తక్కువ. ఇదంతా నిజమే. అయినా పాతబస్తీలో ఏ టింకరింగ్ షెడ్డు ముందు నిలబడి చూసినా నేల చిల్లులు పడ్డ కారు ఒకటైనా కనిపిస్తుంది. ఆ తుప్పు మన నాలాల నుంచి, పూడిపోయిన చెరువుల నుంచి, తడిసి ఆరని ఫుట్ మ్యాట్ల కింది నుంచి వచ్చింది.

గౌలిపురలో మా ఇంటి ముందు 1998 మోడల్ మారుతి 800 ఉంది. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉంది. మా వీధిలో తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన బండ్ల మీద టీఎస్ ఉంది, 2024 మార్చి తర్వాత కొన్నవాటి మీద టీజీ ఉంది. వెడల్పు మీటరున్నరకు లోపే, పొడవు 3.3 మీటర్లు. హరిబౌలి నుంచి లాల్‌దర్వాజా దాకా, మొఘల్‌పురా నుంచి షాలిబండ దాకా ఎదురుగా ఆటో వచ్చినా, పక్కన తోపుడుబండి ఆగినా ఇది దారి చేసుకుని పోతుంది. పాతబస్తీ గల్లీలకు దీనికంటే కుదిరిన కారును నేను చూడలేదు.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ తొలి కొనుగోలుదారు హర్‌పాల్ సింగ్ చేతికి తాళాలిచ్చిన రోజు నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఈ కార్లు 25 లక్షలకు పైగా తయారయ్యాయి. భారత్ స్టేజ్ 4 నిబంధన ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కావడంతో ఇక్కడ కొత్త 800 అమ్మకం 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. అంటే మన ఊళ్లో కొత్తగా కొన్న ప్రతి 800 వయసూ పదిహేనేళ్లు దాటింది. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఓమ్నీ వ్యానుకూ అదే ఇంజిన్. ఓమ్నీ 2019 దాకా తయారైంది కాబట్టి సామాన్లకు కరువు లేదు. పుత్లీబౌలిలోనో గౌలిగూడలోనో అడిగితే కార్బురేటర్ కిట్టు దగ్గర్నుంచి క్లచ్ ప్లేటు దాకా దొరుకుతుంది. ఇంజిన్ పాడై 800 పాత ఇనుము దుకాణానికి చేరడం అరుదు. ఇంజిన్‌ను విప్పి బిగించగల మేస్త్రీలు ప్రతి బస్తీలో ఉన్నారు. మా బండి పని మొదట్నుంచీ చూస్తున్న షాలిబండ ఉస్తాద్ నాన్నతో ఒక మాట అనేవాడు: "ఇంజిన్ సంగతి నేను చూసుకుంటా అన్నా, నువ్వు నేల సంగతి చూసుకో."

నేల అంటే కాళ్లు పెట్టుకునే చోటు మాత్రమే కాదు. 800 లాంటి చిన్న కార్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది రన్నింగ్ బోర్డు పెట్టెలు, మధ్య సొరంగం, చక్రాల మీది గూళ్లు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే కట్టడం అది. బరువంతా ఆ రేకులే మోస్తాయి. సీటు బోల్టులు ఆ నేలకే బిగించి ఉంటాయి, సీటు బెల్టు కొక్కెం ఆ రేకుకే తగిలించి ఉంటుంది. 650 కిలోల తేలికైన బండి కాబట్టి రేకు కూడా పలుచనే. తలుపు మీద తుప్పు మచ్చ పడితే అందం చెడుతుంది, అంతే. రన్నింగ్ బోర్డు పెట్టె లోపల తుప్పు తింటే గుద్దుకున్న రోజు కారు మడత పడుతుంది. ఈ రెండిటి మధ్య తేడా తెలియక పైమచ్చకు వేలకు వేలు పోసి, కింద చిల్లును వదిలేసే వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇనుముకు నీరూ ఆక్సిజనూ రెండూ అందితేనే తుప్పు పడుతుంది. నీళ్లలో లవణాలు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. బీచ్ రోడ్డు బండ్లకు పట్టే గతి అదే. వాన పడకపోయినా సరే, గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే రేకు మీద కంటికి ఆనని నీటిపొర ఏర్పడుతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మన ఊళ్లో చాలా రోజులు అలాగే ఉంటాయి. అల్యూమినియం మీద పట్టే పొర కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుము మీది తుప్పుకు ఆ గుణం లేదు. అది అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొక్కులుగా లేచి, పెచ్చులుగా రాలి, కింది ఇనుమును మళ్లీ నీళ్లకు అప్పగిస్తుంది.

800లో ఇది ఎక్కడెక్కడ మొదలవుతుందో ఉస్తాద్ వేలితో చూపించగలడు. తలుపు అద్దం పక్క రబ్బరు గుండా దిగిన వాన నీరు తలుపు అడుగున ఉన్న సన్నటి రంధ్రాల గుండా పోవాలి. మన దుమ్ముకు ఆ రంధ్రాలు పూడుకుపోతాయి, తలుపు లోపల నీళ్లు నిలుస్తాయి. బ్యాటరీ కింది పళ్లెం మీద యాసిడ్ చుక్కలు పడి రంగును తినేస్తాయి. వెనక చక్రాల గూట్లో మట్టి అట్టలు కట్టి, వాన వెలిసిన వారానికి కూడా తడి వదలదు. ముందు అద్దం బీడింగ్ ఎండకు పగిలిందంటే నీరు డ్యాష్‌బోర్డు వెనక నుంచి దిగుతుంది. ఏసీ కాయిల్ మీద పట్టే నీరు ఒక సన్నటి గొట్టం గుండా రోడ్డు మీద పడాలి. అది మూసుకుపోతే నీళ్లు ఎడమ సీటు ముందు కార్పెట్ కింద చేరతాయి. పైన రబ్బరు మ్యాట్ ఉంటుంది కాబట్టి చేతికి తడి తగలదు, ముక్కుకు ముక్క వాసన మాత్రం వస్తుంది. ఆ వాసన రాగానే సెంటు సీసా కొని అద్దానికి తగిలించేవాళ్లే ఎక్కువ. ఆ రోజు మ్యాటూ కార్పెటూ ఎత్తి ఎండలో వేస్తే ఎన్నో ఏళ్ల ఆయుష్షు మిగులుతుంది.

ఇక వరద. 2020 అక్టోబర్ 13న బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. ఆ రాత్రి పల్లెచెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ వైపు నీళ్లు విరుచుకుపడ్డాయి. 17 రాత్రి మళ్లీ కుండపోత, బాలాపూర్ గుర్రం చెరువుకు గండి, హఫీజ్ బాబానగర్ మునక. కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడలకు ఆనుకుని ఉన్న దృశ్యాలు దేశమంతా చూసింది. మనుషుల ప్రాణాలు పోయాయి, వాటి ముందు కార్ల నష్టం ఎత్తడం తగదు. కానీ ఆ కాలనీల్లో సెకండ్ హ్యాండ్ కారు అంటే చాలా ఇళ్లకు జీవనాధారం. స్కూలు పిల్లలను దింపేది, పెళ్లి సామాను మోసేది, అర్ధరాత్రి ఉస్మానియా ఆసుపత్రికి పరుగెత్తేది అదే.

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నదిని ఆపుతాయి. ఊరికి దక్షిణాన ఉన్న చిన్న చెరువులకూ, వాటిని కలిపే నాలాలకూ ఆ కాపలా లేదు. నాలా మీద గోడ లేస్తే నీళ్లు గల్లీలోకి వస్తాయి, గల్లీ నుంచి బండి నేల మీదికి వస్తాయి. నాలా నీరు వాన నీరు కాదు. మురుగూ, సబ్బూ, లవణాలూ, మెత్తటి బురదా అన్నీ అందులో ఉంటాయి. నీళ్లు దిగిపోయాక పైపైన కడిగి ఎండబెట్టినా రన్నింగ్ బోర్డు పెట్టెల్లో ఆ బురద అలాగే ఉంటుంది. అందుకే వరద చూసిన కారు వెంటనే చావదు. రెండు మూడేళ్ల తర్వాత, ఇంకెవరి చేతిలోనో ఉండగా నేల జారుతుంది. అలాంటి కారుకు పైన మెరిసే పెయింటు వేసి సంగతి దాచి అమ్మడం తప్పు. దాన్ని నేను మామూలు బేరంగా చూడలేను.

మునిగిన కారును అక్కడికక్కడే స్టార్ట్ చేయకూడదన్నది ఇప్పుడు చాలామందికి తెలిసింది. సిలిండర్‌లో చేరిన నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ తర్వాత చేయాల్సిన పని గురించే ఎవరూ చెప్పరు. సీట్లు విప్పాలి, కార్పెట్ పీకేయాలి, నేలలోని రబ్బరు బిరడాలు తీసి మంచినీళ్లతో పెట్టెలన్నీ బురద పోయేదాకా కడగాలి, రోజుల తరబడి తలుపులు తెరిచి ఆరబెట్టాలి. అది పూర్తయ్యాకే అండర్ కోటింగ్. తడి ఉండగా నల్ల తారు లాంటి ఆ పూత పూస్తే నీటిని లోపల పెట్టి సీలు వేసినట్టే. చిల్లు పడ్డ చోట పుట్టీ పెట్టి పెయింటు కొట్టడం చెమ్మ గోడకు సున్నం వేయడం లాంటిది. కుళ్లిన రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసి, అంతే మందమున్న రేకు వెల్డింగ్ చేసి, ప్రైమరూ సీలరూ వేయాలి. పాతబస్తీ టింకరింగ్ మేస్త్రీలకు ఈ పని వచ్చు. బాగా వచ్చు. అడిగేవాళ్లు లేక, తక్కువకు చేయమనేవాళ్లు ఎక్కువై, పుట్టీ డబ్బా ముందుకు వచ్చింది.

చలి దేశాల్లో ఈ జాగ్రత్త అలవాటుగా మారింది. డెట్రాయిట్, టొరంటో వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు కారు కింది భాగాన్ని కూడా కడిగించుకుంటారు, చలికాలం ముందు అడుగున నూనె కొట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఉప్పు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి భయం ఉంది. మనకు కనిపించేది బురదే కాబట్టి భయం లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. వెనక సింహాసనం లాంటి సీటున్న ఆ కారు చాలా తక్కువ తిరిగింది. వందేళ్లు దాటినా నిలిచి ఉందంటే, పైన కప్పూ, చుట్టూ మనుషుల శ్రద్ధా ఉండటం వల్లే అనుకుంటాను. పొడి గాలి ఉన్న మన ఊళ్లో ఇనుమును నిలబెట్టుకోవడం సాధ్యమేనని దాన్ని చూసినప్పుడల్లా నాకు నమ్మకం కలుగుతుంది. అయితే గల్లీ కారుకు గాజు గది అక్కర్లేదు. అది తిరగాలి. నెలల తరబడి ఒకేచోట నిలిపితే ట్యాంకులో ఖాళీ ఉన్న చోట తేమ పట్టి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది, వెనక బ్రేకులు పట్టేస్తాయి, టైరు కింద నేల ఆరదు. కవరు కప్పిన కారుకు గాలి ఆడక తడి ఇంకా నిలుస్తుంది. వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపడం ఏ పూతకన్నా మేలు.

సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు గడువు. తర్వాత అయిదేళ్లకోసారి బండ్లగూడ ఆర్టీఏ ఆఫీసులో చూపించి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పొగ వదిలే బండ్లను తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఫీజు బండి పుట్టిన సంవత్సరాన్ని చూస్తుంది. ప్రమాదంలో మనిషిని కాపాడేది నేల రేకు. బాగా చూసుకున్న పాతికేళ్ల కారు గట్టిగా ఉండొచ్చు, వరదలో మునిగిన ఆరేళ్ల కారు గుల్లగా ఉండొచ్చు. తనిఖీలో ర్యాంపు ఎక్కించి, రన్నింగ్ బోర్డులనూ సీటు బోల్టుల చుట్టూ ఉన్న రేకునూ సుత్తితో తట్టి చూడడం తప్పనిసరి చేయాలి. అందుకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు.

దసరాకు మనం బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. వానలు వెనక్కి తగ్గే రోజులూ అవే. ఈసారి ఆ పూజకు ముందు రోజు మ్యాట్లు తీసి ఎండలో వేయండి, తలుపుల అడుగున రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయండి, మీ మేస్త్రీ దగ్గర ర్యాంపు ఎక్కించి బండి కింద మీ కళ్లతో మీరే ఒకసారి చూడండి.